నాది కాని కుట్టు

మాదన్నపేట మార్కెట్టు వెనక సందులో నాకొక టైలరింగు దుకాణం ఉంది. ఇరవై రెండేళ్లుగా అక్కడే కూర్చుని ఆడవాళ్ల బట్టలు కుడుతున్నాను. నా చేయి మంచిదని పేరు, నోరు మంచిది కాదని పేరు. రెండూ నిజమే. కోపం వస్తే ఎదుట ఎవరున్నారని చూడను. ఈ నాలుగేళ్లలో ఆ కోపం ఒక్క పూట కూడా చల్లారలేదు. కాబట్టి ఇది చదివేవాళ్లు నా దగ్గర మెత్తని మాటలు వెతుక్కోవద్దని ముందే చెబుతున్నాను.

మా అక్క కూతురు డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా ఎవరో చంపేశారు. ఎవరో ఈ రోజుకీ తెలియదు. తెలియదని రాస్తున్నాను గానీ, తెలుసుకోవడానికి ఎవరూ ఒళ్లు వంచలేదన్నది అసలు సంగతి.

అక్క వాళ్లిల్లు నా దుకాణానికి నాలుగిళ్ల అవతల. బావ ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. ఆ పిల్ల బడి నుంచి వచ్చి నా మిషను పక్కనే కూర్చుని హోంవర్కు చేసుకుంటూ పెరిగింది. కాజాలు కుట్టడం, హుక్కులు వేయడం నేనే నేర్పాను. వంకరగా వస్తే విప్పించి మళ్లీ కుట్టించేదాన్ని. అది మూతి ముడుచుకునేది, కాసేపటికి నా వెనక చేరి నేను కస్టమర్లను తిట్టినట్టే తిట్టి చూపించి నవ్వించేది. మీకు పిల్లలు లేరా అని ఎవరైనా అడిగితే, అది నా కంటే ముందే "నేనున్న గద" అని జవాబు చెప్పేది.

నా దుకాణంలో ఒక నియమం ఉంది. పిన్నీసు పెట్టుకుని వచ్చినవాళ్లను లోపలికి రానివ్వను. హుక్కు ఊడినా, చంక చిరిగినా, అంచు జారినా కుట్టించుకోవాలి. అంతేగానీ పిన్నీసుతో ఊరంతా తిరగడమేమిటి? నాకు పని నేర్పిన ఉస్తాద్ ఆ మాట కత్తెర పిడితో వేళ్ల మీద కొట్టి మరీ నేర్పాడు. టైలరు ఇంటి పిల్ల పిన్నీసు పెట్టుకుని వీధిలో నడిస్తే ఆ టైలరు చచ్చినట్టే లెక్క అనేవాడు. నేనూ అదే మాట మా అక్క కూతురికి ఎక్కించాను. ఒకసారి భుజం దగ్గర చున్నీకి పిన్నీసు గుచ్చుకుని వచ్చిందని నలుగురు కస్టమర్ల ముందు దులిపేశాను. అది నవ్వుతూ, "నీ కన్న పోలీసోల్లు నయం చిన్నమ్మా, వాల్లు గూడ గింత తిట్టరు," అంది. అందరం నవ్వాం.

ఆ మాట తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చిందో చెప్పలేను.

ఆ రోజు కాలేజీలో ఇంటర్నల్ పరీక్ష. ఒకటిన్నరకు అయిపోతుంది, ఇంటికొచ్చే తింటానని వాళ్లమ్మతో చెప్పి బయలుదేరింది. పది రోజుల కిందట నేను కుట్టిచ్చిన బాటిల్ గ్రీన్ పంజాబీ డ్రెస్సు వేసుకుంది. బస్టాపుకు పోతూ దుకాణం ముందు ఆగి, ఒక చుట్టు తిరిగి చూపించింది.

"ఎట్లున్నది చిన్నమ్మా?"

చూడగానే నాకు తప్పు కనబడింది. "చేతులు జెర టైటున్నయ్. పొద్దుమీకి ఇయ్యి, ఇప్పి పెడ్త. గప్పటిదాంక చేతులు మీదికి లేపకు. చింపుకోని వచ్చినవంటే చంపుత నిన్ను," అన్నాను.

అది నేను రోజుకు పదిసార్లు అనే మాట. మా సందులో పిల్లలందరినీ ఏదో ఒక రోజు చంపుతానన్నదాన్నే. సరే సరే అంటూ వెళ్లిపోయింది. డ్రెస్సు బాగుందని మాత్రం నేను అనలేదు.

మూడయినా రాలేదు. అక్క ఫోన్ చేస్తే మోగింది, ఎత్తలేదు. ఐదు తర్వాత మోగడం కూడా మానేసింది. బావ డిపో నుంచి రాగానే ముగ్గురం పోలీస్ స్టేషన్‌కు పోయాం. అక్కడ కూర్చున్నాయన తల ఎత్తకుండానే, "డిగ్రీ పోరి గదమ్మా. దోస్తుల ఇంటికి పోయుంటది. పొద్దున దాంక సూడుండ్రి," అన్నాడు. ఫిర్యాదు తీసుకోలేదు. అసలు రాసుకోవడానికి కాగితమే ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే పురానాపూల్ దగ్గర, మూతపడిన కట్టెల డిపో గోడ వెనక, వీధులు ఊడ్చేవాళ్లు చూశారు. గొంతుకు దాని చున్నీయే బిగించి ఉంది. ఆ చున్నీకి పీకో చేసింది నేనే. అంచు గట్టిగా ఉండాలని రెండు వరసలు వేశాను. ఇక్కడికి మించి దాని శరీరం గురించి రాయను. పేపర్లవాళ్లు రాసింది చాలు.

ఆస్పత్రి మార్చురీ దగ్గర మధ్యాహ్నం దాకా నిలబెట్టారు. చున్నీ పోలీసులు తీసుకుపోయారు. డ్రెస్సు మాత్రం, ఎందుకో, ఒక నల్ల కవర్లో పెట్టి మాకు ఇచ్చారు. ఇవ్వకూడదని ఇచ్చినవాళ్లకు తెలుసో లేదో, తీసుకోకూడదని మాకు తెలియదు. కవరు నా చేతిలో పెట్టారు. వ్యానులో కూర్చుని, ఏం చేస్తున్నానో నాకే తెలియకుండా, డ్రెస్సు తీసి మడత పెట్టబోయాను. ఏళ్ల తరబడి అలవాటు, బట్ట చేతికొస్తే వేళ్లు కుట్ల మీదికి పోతాయి. ఎడమ చేయి చంక దగ్గరికి వచ్చేసరికి వేళ్లు ఆగిపోయాయి.

అక్కడ ఉన్నది నా కుట్టు కాదు.

నా మిషను కుట్టు ముందువైపు జానెడు పొడవున తెగిపోయింది. దాన్ని ఎవరో చేత్తో మళ్లీ కుట్టారు. లావు తెల్లదారం, రెండు పోగులు. పూలు కట్టే దారం లాంటిది. ప్రతి కుట్టుకూ ఒక మెలిక వేసి బిగించి, కొసన మూడు ముడులు వేశారు. ఓపిగ్గా, నిదానంగా వేసిన కుట్టు. పొద్దున నా ముందు చుట్టు తిరిగినప్పుడు అది లేదు. అంటే పొద్దుటికీ చావుకీ మధ్య ఎక్కడో ఆ పిల్ల డ్రెస్సు చేయి చిరిగింది, ఎక్కడో కాసేపు కూర్చుంది, ఎవరో పక్కన కూర్చుని కుట్టారు.

"గీ కుట్టు నాది గాదు," అన్నాను పైకే.

ముందు సీట్లో ఉన్న బావ వాళ్ల అన్న వెనక్కి తిరిగి, "గిప్పుడు కుట్ల ముచ్చటేందమ్మా," అని కవరు తీసుకున్నాడు. మా ఇళ్లలో శవంతో వచ్చిన గుడ్డ గడప దాటి లోపలికి రాకూడదు. శవంతోనే పోవాలి. ఆడవాళ్లం శ్మశానానికి పోము. ఆయన కవరు తీసుకుపోయి చితి మీద పెట్టాడు. నేను ఇంటి ముందు బిందెల దగ్గర నిలబడి ఉన్నాను. వీధంతా వినబడేలా అరవగలిగిన నోరు నాది. ఆ ఒక్కరోజు ఎందుకు లేవలేదో నాకిప్పటికీ అర్థం కాదు.

మూడో రోజు సూది పట్టాను. మైల రోజుల్లో సూది ముట్టకూడదంటారు, ముట్టాను. కత్తిరింపుల సంచిలో ఆ డ్రెస్సు ముక్కలు ఇంకా ఉన్నాయి. ఒక ముక్క తీసి, పూల దారం తెచ్చి, నేను చూసిన కుట్టును చూసినట్టే కుట్టాను. మరిచిపోతానేమోనని భయం. డిజైను మరిచిపోకుండా నమూనా గుడ్డ కుట్టి పెట్టుకోవడం మా పనిలో మామూలే. ఆ ముక్క పట్టుకుని స్టేషన్‌కు పోయాను.

ఎస్‌ఐ మొదట అడిగిన ప్రశ్న: "పోరి బట్టలేవి?"

"కాల్చినం సార్. మీరే ఇచ్చిన్రు గద."

"అరే! సబూతు మీరే కాల్చి మల్ల మా మీద వడ్తరా?"

నేను గుడ్డముక్క చూపించి కుట్టు సంగతి చెప్పాను. మెలికలు, ముడులు, పూల దారం అన్నీ చెప్పాను. ఆయన పక్కనున్న కానిస్టేబుల్ వైపు చూసి, "టైలరమ్మ కథలు గూడ మస్తు కుడ్తది," అన్నాడు. ఇద్దరూ నవ్వారు. పంచనామా కాగితం మీద డ్రెస్సు రంగు నలుపని రాశారు. అది చూపించి, బాటిల్ గ్రీన్ సార్ అన్నాను. తడిస్తే నల్లగనే కొడ్తదమ్మా అన్నాడు. రంగు కూడా సరిగ్గా రాయలేనివాళ్లు నా కుట్టును నమ్మలేదు.

వాళ్ల లెక్క ఇది. కాలేజీవాళ్లు ఒకటిన్నరకు పిల్లలందరూ వెళ్లిపోయారని, గేటు మూశామని చెప్పారు. ఫోను పురానాపూల్ దగ్గర ఐదు దాటాక ఆగిపోయింది. మధ్యలో మూడున్నర గంటలు. ఆ మూడున్నర గంటలు ఎక్కడుంది? ఈ ప్రశ్న మేం అడగాలి. వాళ్లు మమ్మల్నే అడిగారు. "ఎవలితోని వోయింది? బాయ్‌ఫ్రెండు ఉన్నడా? ఒక్కడేనా?" అక్కను కుర్చీలో కూర్చోబెట్టి అడిగారు. బావను నిలబెట్టి అడిగారు. పిల్ల ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ ఫోన్లు చేసి, క్లాసు పిల్లలను భయపెట్టి, చివరికి ఎవడూ దొరక్కపోతే, దొరకనివాడు ఒకడున్నాడని తేల్చారు. రోడ్డు కెమెరాలలో ఒకటిన్నర నుంచి రెండున్నర దాకా చూశారట, కనబడలేదట. తర్వాతవి ఎందుకు చూడలేదని అడిగితే, "గప్పటికే ఆడ లేదు గదమ్మా," అన్నారు.

ఆ మూడున్నర గంటలు మా సందులోకి వచ్చి కూర్చున్నాయి. కూరగాయల బండి దగ్గర, నల్లా దగ్గర, దినాల భోజనాల దగ్గర కూడా. పాపం అంటూనే, కాలేజీ ఒకటిన్నరకే అయిపోయిందంట గద అనేవాళ్లు. నా దగ్గర జాకెట్టు కొలతలు ఇస్తూ ఒకావిడ ఆ మాట అంది. టేపు ఆమె మెడలోంచి తీసేసి, జాకెట్టు గుడ్డ చేతిలో పెట్టి, ఇంకో టైలరును చూసుకొమ్మన్నాను. అలా చాలామందిని పంపించేశాను.

అక్క ఎవరితోనూ కొట్లాడలేదు. ఆమెకు ఒక్కటే ప్రశ్న. పొద్దున ఒక ఇడ్లీ తిని పోయింది, ఇంటికొచ్చి తింటానంది. "ఆకలితోనే పోయిందా?" అని అడిగేది. రోజూ అడిగేది, నన్ను, బావను, గోడను.

నేను కాలేజీకి పోయాను. ప్రిన్సిపాలును అడిగాను, లెక్చరర్లను అడిగాను, గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగాను. అందరూ ఒకటిన్నర అన్నారు. ఒకే మాట, ఒకే రకంగా, బట్టీ పట్టినట్టు చెప్పారు. నాకు అనుమానం వచ్చింది గానీ ఏం చేయాలో తోచలేదు. గుడ్డముక్కను దుకాణంలో అద్దం పక్కన మేకుకు తగిలించాను. వచ్చిన ప్రతి ఆడమనిషినీ అడగడం మొదలుపెట్టాను. గిది ఎవల కుట్టో ఎరికనా? కొందరు జాలిగా చూసేవాళ్లు. నాకు పిచ్చెక్కిందని కూడా అనుకున్నారు. అనుకోనీ.

రెండేళ్లు అడిగాను.

ఒక రోజు అదే కాలేజీలో బీఎస్సీ చదివే అమ్మాయి చుడీదారుకు లైనింగు వేయించుకోవడానికి వచ్చింది. నేను అడగకముందే ఆ ముక్కను వేలితో తడుముతూ, "గిది మా ఆయమ్మ కుట్టు లెక్కున్నది అక్కా," అంది. "ల్యాబు అప్రాన్లు చినిగితే గిట్లనే ఏస్తది. పొద్దున పూలు కట్టి అమ్ముకోని వస్తది గద, గదే దారం."

నా చేతిలో కత్తెర ఉంది. కింద పెట్టి కూర్చున్నాను.

ప్రిన్సిపాలును అడిగాను, లెక్చరర్లను అడిగాను, వాచ్‌మన్‌ను కూడా అడిగాను. బాత్రూములు కడిగే మనిషిని అడగాలని నాకు తోచలేదు. పోలీసులకు తోచలేదంటే సరే, వాళ్లకు ఏదీ తోచలేదు. నాకేమైంది? కాలేజీకి పోయిన రోజు ఆమె మెట్ల దగ్గర చీపురు పట్టుకుని పక్కకు తప్పుకుని నాకు దారి ఇచ్చింది. ఆమె ముఖం కూడా చూడకుండా పైకెక్కి పోయాను.

ఆమె ఇల్లు పురానాపూల్ అవతల సందుల్లో. వెతుక్కుంటూ పోయాను. అరవై ఏళ్లుంటాయి, సన్నటి మనిషి. నేనెవరో చెప్పి, గుడ్డముక్క చూపించాను. దాన్ని చూడగానే ఆమె ముఖం మాడిపోయింది. "నాకేం ఎరుక లేదు, వోమ్మా," అని తలుపు వేసుకుంది. తలుపు బాదాను. వీధిలో నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. నీ చేతితో కుట్టి, రెండేళ్లు ఎట్ల తిన్నవే అన్నం అని అడిగాను. ఆ తిట్లకు సిగ్గుపడటం లేదు. ఇప్పుడైనా అవే తిడతాను.

ఆర్నెల్ల తర్వాత ఆమే నా దుకాణానికి వచ్చింది. మెట్టు మీద నిలబడి, లోపలికి రావచ్చా అన్నట్టు చూసింది.

"నౌకరీ అయిపోయింది. నిన్నటితోని ఖతం. ఇగ నన్నేం పీకుతరు," అంది.

కూర్చోమన్నాను. నీళ్లిచ్చాను. ఆమె చెప్పింది మొత్తం ఒక్క గుక్కలో చెప్పింది, చాలాసార్లు లోపల చెప్పుకున్న మాటల్లాగా.

"గా దినం పరీక్ష అయినంక పోరగాల్లు అందరు పోయిన్రు. నేను కింద బాత్రూములు కడుగుతున్న. మూడు కొట్టంగ మీది మెట్ల దిక్కుకెంచి వచ్చింది మీ పిల్ల. చేయి చినిగింది, చున్నీ కప్పుకున్నది. ఏమైంది బిడ్డా అంటే చెప్పలే. ఏడ్వలే గూడ. మొఖం ఎర్రగున్నది గంతే. పిన్నీసు ఇస్త, పెట్టుకోని జల్ది ఇంటికి వో అన్న. వద్దన్నది."

నేను మిషను మీద చేయి పెట్టుకుని వింటున్నాను.

"'మా చిన్నమ్మకు పిన్నీసంటే మంట. దుకానం ముంగట్నుంచే పోవాలె, చూస్తది. చింపుకోని వస్తే చంపుత అన్నది' అన్నది. గా మాట అనుకుంట జెర నవ్వింది గూడ. నా కాడ సూది ఉన్నది గని పని గాలేదు. కూసో బిడ్డా, అయినంక కుడ్త అన్న. నా డబ్బల అన్నం ఉంటే పెట్టిన. ఫోను మోగుతుంటే చూస్తున్నది గని ఎత్తలే. పని అయినంక కుట్టిన. గప్పటికి అసర్ అజాన్ అయిపోయింది, నాలుగున్నర అయితుండె. థాంక్స్ ఆయమ్మా అని పోయింది. వెనక గేటు తీసి నేనే పంపిన."

మర్నాడు కాలేజీలో అందరినీ పిలిచి, ఒకటిన్నరకు అందరూ పోయారని చెప్పాలన్నారట. కాలేజీ పేరు పోతుంది, నోరు తెరిస్తే నౌకరీ కూడా పోతుంది అన్నారట. పోలీసులు వచ్చినప్పుడు ఆమెను అడగనే లేదు. అడిగితే చెప్పేదానివా అన్నాను. "ఎరుక లేదు," అంది. అబద్ధం చెప్పనందుకు ఆమెను కొంచెం నమ్మాను.

ఆ రోజు దుకాణం మూసి లోపల కూర్చున్నాను. అప్పటిదాకా నా కోపానికి అడ్రసులు ఉండేవి. స్టేషన్, కాలేజీ, సందు, దారం ఎక్కించిన ఆ గుర్తు తెలియని చేయి. ఇప్పుడు అది తిరిగి తిరిగి నా గడపలోకే వచ్చింది. పిన్నీసు పెట్టుకుని మూడింటికే బయలుదేరితే, పట్టపగలు, బస్సుల నిండా జనం ఉండగా, నా పిల్ల ఇంటికి చేరేదేమో. నా నోటికి భయపడి గంటన్నర కూర్చుంది. చేయి చింపినవాడికి భయపడిందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం భయపడింది.

అక్కను ఆయమ్మ దగ్గరికి తీసుకుపోయాను. నా మాట చెప్పవద్దని ఆయమ్మను నేను అడగలేదు, ఆమే చెప్పలేదు. అక్క అడిగింది ఒక్కటే.

"తిన్నదా?"

"తిన్నది బిడ్డా. అన్నం, పచ్చి పులుసు. రెండుసార్లు పెట్టుకున్నది."

అక్క ఆమె చేతులు పట్టుకుని కూర్చుంది. ఇంటికి వచ్చాక రెండున్నరేళ్లలో మొదటిసారి కడుపునిండా తింది.

మేం స్టేషన్‌కు పోయేసరికి కొత్త ఎస్‌ఐ వచ్చాడు. అంతా విని, రాసుకోకుండా, ఫైలు పై ఆఫీసులో ఉందన్నాడు. పై ఆఫీసువాళ్లు కింద ఉందన్నారు. అలా ఏడాది తిరిగాం. ఆఖరికి ఇంటికి ఒక నోటీసు వచ్చింది. ఎంత దర్యాప్తు చేసినా నిందితులు దొరకనందున కేసు మూసేస్తున్నామని, అభ్యంతరం ఉంటే కోర్టులో చెప్పుకోవచ్చని ఉంది. కింద అక్క సంతకం పెట్టడానికి గీత గీసి ఇచ్చారు. ఎంత దర్యాప్తు? ఒకటిన్నర నుంచి రెండున్నర దాకా చూసిన కెమెరా ఎంత దర్యాప్తు? అసర్ అజాన్ తర్వాత వెనక గేటులోంచి బయటికి వచ్చిన పిల్లను ఏ కెమెరాలో వెతికారు? గేటు మూశామన్న బిల్డింగులో మీది అంతస్తు తాళంచెవులు ఎవరి దగ్గర ఉన్నాయి? ఒకటిన్నర నుంచి మూడు దాకా పైన ఎవరున్నారు? ఆ వెనక గేటు నుంచి పురానాపూల్ దాకా పిల్ల ఎలా వచ్చింది, ఎవరి బండిలో వచ్చింది? ఏ ఒక్కదానికీ జవాబు లేదు. ఏ ఒక్కటీ ఎవరూ అడగలేదు కూడా.

నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే లాయరమ్మ ఒకావిడ అభ్యంతరం వేస్తానంది. ఆయమ్మ వాంగ్మూలం కావాలంది. కోర్టు బయట చెట్టు కింద టైపు చేసే ఆయన దగ్గర కూర్చున్నాం. నేను, అక్క, లాయరమ్మ, ఆయమ్మ. ఆయమ్మ చెబుతూ ఉంటే ఆయన టైపు చేస్తున్నాడు. పిన్నీసు దగ్గరికి వచ్చేసరికి ఆయమ్మ ఆగిపోయింది. నా వైపు చూసి, మెల్లగా, "గా ముచ్చట ఇడ్శి పెడ్దమా? కుట్టిన అంటే సాలు గద," అంది.

ఒక్క క్షణం ఆశపడ్డాను. దాచను. అక్క నా పక్కనే కూర్చుని ఉంది. ఆ మాట లేకుండా కూడా కాగితం నిండుతుంది. పిల్ల అక్కడుందని తెలుస్తుంది, మూడున్నర గంటల మచ్చ పోతుంది. కానీ లాయరమ్మ అప్పటికే అడిగి ఉంది. చిరిగిన చేయితో భయపడిన పిల్ల పరుగెత్తి ఇంటికి పోకుండా గంటన్నర ఎందుకు కూర్చుంది, కోర్టులో మొదట అడిగే ప్రశ్న ఇదే అని. దానికి జవాబు నా నోటి నుంచి వచ్చింది. ఆ జవాబు లేకపోతే ఈ కుట్టు మళ్లీ టైలరమ్మ కుట్టిన కథే అవుతుంది.

"అన్నదన్నట్టు రాయిండ్రి," అన్నాను. "ఒక్క ముక్క ఇడ్వకుండ్రి."

ఆయమ్మ చెప్పింది. ఆయన కొట్టాడు. అయిపోయాక అలవాటు ప్రకారం పైకి చదివాడు. సభ్యతగా, కోర్టు భాషలో చదువుకుంటూ వచ్చి, "చింపుకోని వస్తే చంపుతానని చిన్నమ్మ చెప్పినందున, పిన్నీసు నిరాకరించి," అని చదివాడు. పక్క బల్లల దగ్గర మనుషులు తల తిప్పి చూశారు. నేను అక్క వైపు చూడలేదు. నా చెప్పుల వైపు చూసుకుంటూ కూర్చున్నాను.

అక్క ఆయన బల్ల వైపు వంగింది. తర్వాత, నాకు కాదు, ఆ టైపు చేసే ఆయనకు చెప్పినట్టు చెప్పింది.

"దీని తిట్లంటే మా పిల్లకు భయమే. నాకెరికే. చినిగిన చేయికి మా పిల్ల భయపడె. చింపినోనికి ఒక్క భయం లేకపాయె. నాలుగేండ్ల సంది మంచిగ తిరుగుతున్నడు వాడు. గది గూడ రాయి సార్."

అలా రాయడానికి కుదరదమ్మా అన్నాడాయన. రాయాల్సిందేనని నేను ఆయనతో కొట్లాటకు దిగాను. నా నోరు తిరిగి లేచింది. లాయరమ్మ మధ్యలోకి వచ్చి, అది మీ అక్క వాంగ్మూలంలో వేరే పెడదామని సర్దిచెప్పింది. పెట్టించాకే అక్కణ్ణుంచి లేచాను.

తారీఖులు పడుతున్నాయి. పోతూనే ఉన్నాం. గుడ్డముక్క దుకాణంలో అద్దం పక్కనే ఉంది. కానీ దానికి అడుగున, కుట్టుకు పక్కన, కత్తెరతో జానెడు మేర చింపాను. టైలరునై ఉండి బట్టను కావాలని చింపడం అదే మొదటిసారి. ఇప్పుడు వచ్చిన ప్రతి మనిషినీ, పిన్నీసు పెట్టుకుని వచ్చినవాళ్లను కూడా లోపలికి పిలిచి, కుట్టు మీద కాదు, ఆ చిరుగు మీద వేలు పెట్టి అడుగుతున్నాను. గిది ఎవడు చింపిండో ఎరికనా?